శల్యుడు కాని సారథి

మన భాషలో 'శల్య సారథ్యం' అనే మాట ఉన్నది. కర్ణుని రథం తోలడానికి కూర్చున్న శల్యుడు అడుగడుగునా అతని బలాన్ని చులకన చేస్తూ, ఎదుటివాడిని పొగుడుతూ, బాణం వదలక ముందే ఆ వీరుని గుండె నీరుగార్చాడు. అదే యుద్ధంలో మరో సారథి ఆయుధం పట్టనని మాట ఇచ్చి, ఆ మాట సాయంతోనే తన రథికుణ్ణి గెలిపించాడు. ఇక సంజయుడు. రణరంగమంతా ఆయన కళ్ళకు కట్టినట్లు కనిపించింది గాని, ఆ చూపు యుద్ధం చేస్తున్నవారిలో ఒక్కరికీ పనికిరాలేదు; చూపులేని రాజుకు జరిగినది చెప్పడానికే సరిపోయింది.

సంజయుని చూపు, సారథి మాట ఒకే మనిషిలో కూడితే ఎట్లా ఉంటుంది? ఇరవయ్యవ శతాబ్దపు వైమానిక యుద్ధం అటువంటి మనిషిని నిజంగానే తయారు చేసుకున్నది. ఆ ఉద్యోగానికి 'ఫైటర్ కంట్రోలర్' అని పేరు. విమానం నడపడు, తుపాకి పేల్చడు. నేల మీద, తరచుగా నేల లోపల, చీకటి గదిలో కూర్చుని రాడార్ తెర మీద కదిలే చుక్కలను చూస్తూ, ఆకాశంలో ఉన్న పైలట్‌కు ఎటు తిరగాలో, ఎంత ఎత్తుకు ఎక్కాలో, శత్రువు ఎంత దూరంలో ఉన్నాడో చెబుతూ ఉంటాడు. ఇతని పక్కనే నిలబడే మరో ఉద్యోగి సైనిక విమానాశ్రయపు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్. చూడడానికి ఇద్దరి పనీ ఒకటే అనిపిస్తుంది. నిజానికి రెండూ ఎదురెదురు పనులు. ట్రాఫిక్ కంట్రోలర్ విమానాలను ఒకదానికొకటి దూరంగా ఉంచుతాడు; ఫైటర్ కంట్రోలర్ ఒక విమానాన్ని మరొక దాని దగ్గరకు చేరుస్తాడు.

యుద్ధ విమానాల గురించి, వాటిని నడిపిన వీరుల గురించి కుప్పలుగా పుస్తకాలు ఉన్నవి. ఈ గొంతుల గురించి రాసినవారు తక్కువ. ఆ లోటు కొంతైనా పూడుద్దామనే ఈ వ్యాసం. చదువుతూ పోగా నాకు ఒక సంగతి స్పష్టమయింది. ఈ వృత్తి చరిత్ర చూపు చరిత్ర కన్నా మాట చరిత్రగానే ఎక్కువ అర్థమవుతుంది. ఒక చోట ఎవరికో తెలిసిన సంగతి, మరో చోట దానితో పని ఉన్నవాని చెవిన సమయానికి పడిందా లేదా అన్నదే ఇందులో గెలుపునూ, ఘోరాన్నీ వేరు చేస్తుంది.

1930లలో ఇంగ్లండు ఎదుట ఉన్న సమస్యను ముందుగా చెప్పుకోవాలి. బాంబర్ విమానం ఎలాగైనా వచ్చి తీరుతుందని, దానిని ఆపగల శక్తి భూమి మీద లేదని 1932లో స్టాన్లీ బాల్డ్విన్ పార్లమెంటులోనే అన్నాడు. ఆ మాటలో నిరాశ ఉన్నా అబద్ధం లేదు. శత్రువు ఎప్పుడు, ఏ దిక్కు నుంచి వస్తాడో తెలియనప్పుడు ఫైటర్లను పగలంతా గాలిలో తిప్పుతూ ఉండాలి. అంత పెట్రోలు, అన్ని విమానాలు, అంతమంది పైలట్లు ఏ దేశం దగ్గరా లేరు. విమానాల చప్పుడు ముందుగా పసిగట్టాలని సముద్రపు ఒడ్డున పెద్ద పెద్ద కాంక్రీటు దొప్పలు కట్టారు. విమానాల వేగం పెరిగేకొద్దీ ఆ దొప్పల వల్ల దక్కే వ్యవధి తరిగిపోయింది. 1935 ఫిబ్రవరి 26న డావెంట్రీ దగ్గర, రేడియో తరంగాలు విమానానికి తగిలి తిరిగి రావడాన్ని వాట్సన్-వాట్, ఆర్నాల్డ్ విల్కిన్స్ చూపించారు. రాడార్ పుట్టింది.

ఇక్కడితో కథ పూర్తయిందని చాలామంది అనుకుంటారు. రాడార్ వచ్చింది, శత్రువు కనిపించాడు, ఫైటర్ వెళ్ళి కూల్చింది అని. కాని రాడార్‌కు కనిపించినది పైలట్‌కు కనిపించదు గదా! సముద్రపు ఒడ్డున ఎక్కడో ఒక తెర మీద తెలిసిన సంగతిని, మూడు వందల మైళ్ళ వేగంతో పోతున్న మనిషికి అతడు వాడుకోగలిగిన రూపంలో అందించడం ఎట్లా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి 1936లో లండన్‌కు దక్షిణాన ఉన్న బిగిన్ హిల్ విమాన స్థావరంలో ప్రయోగాలు మొదలుపెట్టారు. వాటి వెనుక ఉన్న శాస్త్రవేత్త హెన్రీ టిజార్డ్. కొన్ని విమానాలు బాంబర్ల వేషం కట్టేవి. వాటి స్థానాన్ని నేల మీద ఉన్నవారికి ఎప్పటికప్పుడు తెలియజేసేవారు. నేల మీది మనిషి రేడియోలో ఫైటర్లకు దారి చెప్పాలి.

మొదట్లో లెక్కలు కట్టే పనిముట్లతో కుస్తీ పట్టారు. లెక్క తేలేలోపు బాంబర్ మరోవైపు తిరిగేది. చివరకు టిజార్డ్ సూచించిన ఉపాయం మన హైస్కూలు రేఖాగణితమే. ఫైటర్‌ను, బాంబర్‌ను కలుపుతూ ఒక గీత ఊహించుకోండి. బాంబర్ ఆ గీతతో ఎంత కోణం చేస్తూ పోతున్నదో, ఫైటర్‌ను కూడా ఇటువైపు నుంచి అంతే కోణంలో పంపాలి. సమద్విబాహు త్రిభుజం ఏర్పడుతుంది. ఇద్దరి వేగాలూ సమానమైతే శిఖరం దగ్గర కలుస్తారు. ఫైటర్ వేగం ఎక్కువైతే ముందే చేరి కాచుకొని ఉంటుంది. బాంబర్ దారి మార్చితే కొత్త గీత, కొత్త కోణం. దీనికి 'టిజార్డ్ కోణం' అని పేరు వచ్చింది. అలవాటు పడిన కంట్రోలర్‌కు కాగితం, పెన్సిలు కూడా అక్కర లేదు, కంటితోనే అంచనా కట్టగలడు. ఫైటర్ కంట్రోలర్ అనే వృత్తికి అక్షరాభ్యాసం జరిగింది ఇక్కడే.

అదే 1936లో ఫైటర్ కమాండ్‌కు అధిపతిగా వచ్చిన హ్యూ డౌడింగ్ ఈ ఉపాయం చుట్టూ ఒక యంత్రాంగాన్నే నిర్మించాడు. తీరం వెంట ఉన్న రాడార్ కేంద్రాల కబుర్లన్నీ టెలిఫోన్ల మీద బెంట్లీ ప్రయరీ అనే పాత భవనంలోని వడపోత గదికి చేరేవి. ఒకే విమానాల గుంపును రెండు కేంద్రాలు రెండు విధాలుగా చెబితే, వాటిని పోల్చి నిజాన్ని తేల్చడం అక్కడివారి పని. తేలిన సంగతి గ్రూపు కేంద్రానికి, అక్కడి నుంచి సెక్టర్ కేంద్రాలకు పోయేది. రాడార్లు సముద్రం వైపే చూసేవి కాబట్టి, తీరం దాటి లోపలికి వచ్చిన విమానాలను అబ్జర్వర్ కోర్ స్వచ్ఛంద సభ్యులు కళ్ళతో చూసి, చెవులతో విని చెప్పేవారు. ఏ స్క్వాడ్రన్‌ను ఎగరమనాలో గ్రూపు నిర్ణయిస్తుంది. ఎగిరిన క్షణం నుంచి శత్రువు కంటబడే దాకా దానికి దారి చూపేది సెక్టర్ కంట్రోలర్.

సెక్టర్ గదిలో మధ్యన పెద్ద పటం పరచిన బల్ల. దాని చుట్టూ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పొడవాటి కర్రలతో బిళ్ళలు జరుపుతూ యువతులు. పైన వరండాలాంటి అరుగు మీద కంట్రోలర్. గోడ మీది గడియారంలో అయిదేసి నిమిషాలకు ఎరుపు, పసుపు, నీలం రంగులు వేసి ఉండేవి. కబురు అందినప్పుడు నిమిషాల ముల్లు ఏ రంగు మీద ఉంటే ఆ రంగు బిళ్ళనే బల్ల మీద పెట్టాలి. కంట్రోలర్ ఒక్కసారి కిందికి చూస్తే చాలు, ఏది తాజా సంగతో, ఏది పాతబడిందో తెలిసిపోతుంది. నాకు ఈ యంత్రాంగం అంతటిలో అత్యంత ముచ్చటైనది ఈ గడియారమే. పాత నిజాన్ని కొత్త నిజంగా పొరబడడమే ఈ పనిలోని పెద్ద ప్రమాదమని దానిని పెట్టినవారు గుర్తించారు.

తమ ఫైటర్లు ఎక్కడ ఉన్నవో తెలుసుకోవడానికి మరో ఏర్పాటు. విమానంలోని రేడియో నిమిషానికి 14 సెకన్ల పాటు తనంత తానే ఒక కూత కూసేది. నేల మీది కేంద్రాలు ఆ కూత వచ్చిన దిక్కును కొలిచి, గీతలు కలిసిన చోట విమానాన్ని గుర్తించేవి. ఒక్కో నిమిషాన్నీ నాలుగు విమానాలు వంతులు వేసుకునేవి.

ఇక భాష. రేడియోలో గరగరల మధ్య, ఇంజను మోత మధ్య, ప్రాణభయం మధ్య వినబడే మాట ఎట్లా ఉండాలి? పొట్టిగా ఉండాలి, మరో మాటలా వినిపించకూడదు. అందుకే ఒక చిన్న పదకోశం తయారయింది. 'స్క్రాంబుల్' అంటే వెంటనే ఎగరమని. 'వెక్టర్' అంటే ఫలానా దిక్కుకు పొమ్మని. 'ఏంజెల్స్ 15' అంటే పదిహేను వేల అడుగుల ఎత్తు. 'బాండిట్' అంటే శత్రువని తేలినది, 'బోగీ' అంటే ఇంకా తేలనిది. 'పాన్‌కేక్' అంటే వచ్చి దిగమని. శత్రువు కంటబడగానే పైలట్ 'టాలీ హో' అని కేక వేస్తాడు. అది నక్కల వేటగాళ్ళ కేక. ఆ కేక వినబడిన మరుక్షణం కంట్రోలర్ నోరు మూసుకోవాలి. అక్కడి నుంచి నాయకత్వం గాలిలో ఉన్నవానిదే. మాట్లాడడం ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఆపాలో తెలియడం కూడా అంతే ముఖ్యమని ఈ నియమం చెబుతున్నది.

శిక్షణ సంగతి చెబితే మీకు నవ్వు రావచ్చు. కొత్త కంట్రోలర్ల అభ్యాసానికి నిజమైన విమానాలు ఎగరేసేంత స్తోమత యుద్ధకాలంలో లేదు. అందుచేత లండన్ శివార్లలోని స్టాన్‌మోర్‌లో ఐస్‌క్రీం అమ్మే మూడు చక్రాల తొక్కుడు బండ్లు తెచ్చారు. బండికి ఒక దిక్సూచి, ఒక రేడియో అమర్చి, తొక్కేవాడికి చుట్టుపక్కలేమీ కనిపించకుండా మరుగు కట్టారు. ఒక బండి బాంబర్, మరొకటి ఫైటర్. శిష్యుడు లోపల కూర్చుని, చెప్పిన దిక్కుకే తొక్కే ఫైటర్ బండిని రేడియోలో మాటలు చెప్పి బాంబర్ బండికి చేర్చాలి. ఆట వస్తువులాగా కనిపించే ఈ బండి నేర్పిన పాఠం మాత్రం గట్టిది. నీ మాట వింటున్నవాడికి నీకు కనిపించేది కనిపించదు. నీవు చెప్పినదే అతని ప్రపంచం. నీవు తడబడితే అతడు పోయి గోడకు గుద్దుకుంటాడు.

ఆ పాఠం అప్పటికే నెత్తుటితో రాయబడి ఉన్నది. యుద్ధం ప్రకటించిన మూడవ నాడు, 1939 సెప్టెంబరు 6 ఉదయం, ఎసెక్స్ తీరం మీద ఏదో విమానం వస్తున్నదని కబురు వచ్చింది. దానిని చూసి రమ్మని ఫైటర్లను పంపారు. రాడార్‌కు ఒక లోపం ఉండేది. వెనుక వైపు ఉన్న విమానాన్ని కూడా ఒక్కోసారి ముందు వైపు, అంటే సముద్రం మీద ఉన్నట్లు చూపేది. తాము పంపిన ఫైటర్లే శత్రువులుగా తెర మీద కనబడ్డవి. ఆ 'శత్రువుల'ను ఎదుర్కోవడానికి మరికొన్నిటిని పంపారు. అవి కూడా శత్రువుల లెక్కలో కలిశాయి. చివరకు హార్న్‌చర్చ్ నుంచి లేచిన 74వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు, నార్త్ వీల్డ్ నుంచి లేచిన 56వ స్క్వాడ్రన్ హరికేన్లలో రెండింటిని కూల్చాయి. ఒక పైలట్ బతికి బయటపడ్డాడు. రెండవవాడు మాంటగ్యూ హల్టన్-హారప్ మరణించాడు. ఆ యుద్ధంలో ప్రాణం కోల్పోయిన మొదటి బ్రిటిష్ ఫైటర్ పైలట్ అతడే. చంపినది సొంత మనుషులే. కాల్చిన ఇద్దరినీ సైనిక న్యాయస్థానం నిర్దోషులన్నది. సెక్టర్ కంట్రోలర్‌ను కూడా అదుపులోకి తీసుకున్నారు. ఆ దుర్ఘటనకు 'బార్కింగ్ క్రీక్ యుద్ధం' అనే వెటకారపు పేరు మిగిలింది.

ఆ ఉదయం ఎవరూ కళ్ళు మూసుకుని కూర్చోలేదు. అందరూ చూశారు, అందరూ చెప్పారు, అందరూ చెప్పినట్లు చేశారు. ఎగిరిన విమానాలలో ఏవి మనవో చెప్పే మార్గం ఒక్కటే కొరవడింది. మిత్రుడో శత్రువో రాడార్ తెర మీదనే తెలిపే ఐ.ఎఫ్.ఎఫ్. యంత్రాలను ఫైటర్లలో అమర్చే పని ఆ తరువాత వేగం పుంజుకున్నది.

మరుసటి ఏడాది బ్రిటన్ వైమానిక సమరం. సెక్టర్ గదులు చాలా చోట్ల నేల మీదనే, విమానాల షెడ్ల పక్కనే ఉండేవి. 1940 ఆగస్టు 18న కెన్లీ మీద పెద్ద దాడి జరిగింది. ఆ స్థావరపు కంట్రోల్ గదిని తరువాత కేటర్‌హామ్ ఊళ్ళోని ఒక మాంసం దుకాణంలోకి మార్చారు. మేకలు వేలాడిన చోట పటాలు వేలాడాయి. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో బిగిన్ హిల్ మీద వరుసగా బాంబులు పడుతున్నప్పుడు టెలిఫోన్ బోర్డుల దగ్గర నుంచి కదలని హెలెన్ టర్నర్, ఎల్స్‌పెత్ హెండర్సన్, జోన్ మార్టిమర్ అనే ముగ్గురు మహిళలకు మిలిటరీ మెడల్ ఇచ్చారు. పైలట్ల సాహసం ముందు టెలిఫోన్ బోర్డు దగ్గర కూర్చోవడం ఏపాటి అనిపించవచ్చు. ఆ తీగ తెగితే పైన ఉన్న పన్నెండుమంది దారి తెలియక తిరుగుతారు. అందుకే ఆ పతకాలు.

పగటి యుద్ధంలో కంట్రోలర్ ఫైటర్లను శత్రువు కనుచూపు దూరానికి చేరిస్తే చాలు. రాత్రి చీకట్లో కనుచూపు దూరం అంటే కొన్ని వందల గజాలే. అందుకోసం 1940 శరత్కాలంలో కొత్త రకం రాడార్ వచ్చింది. గుండ్రని తెర, మధ్యలో తన కేంద్రం, చుట్టూ తిరిగే గీత. నేడు రాడార్ అనగానే మన మనసులో మెదిలే బొమ్మ అదే. బల్లలు, బిళ్ళలు, వడపోత గదులు లేకుండా ఒకే మనిషి నేరుగా తెర మీద వేటగాణ్ణీ, వేటనూ చూస్తూ మాట్లాడగలిగాడు. హాంప్‌షైర్‌లోని సోప్లీ కేంద్రంలో బ్రౌన్ అనే కంట్రోలర్, గాలిలో జాన్ కన్నింగ్‌హామ్, అతని వెనుక సీట్లో విమానపు చిన్న రాడార్‌తో జిమ్మీ రాన్స్‌లీ. బ్రౌన్ వారిని శత్రువు వెనుక రెండు మూడు మైళ్ళకు చేర్చేవాడు, అక్కడి నుంచి రాన్స్‌లీ అందుకునేవాడు, చివరి గజాలలో కన్నింగ్‌హామ్ కన్ను. 1941 మే 7 రాత్రి బ్రిటిష్ రాజు ఆరవ జార్జి సోప్లీ వచ్చి ఈ పనిని స్వయంగా చూశాడు. లోకానికి మాత్రం, కన్నింగ్‌హామ్ క్యారెట్లు తిని రాత్రిచూపు పెంచుకున్నాడనే కథ అందింది. రాడార్ రహస్యాన్ని దాచడానికి ఆ కథ అక్కరకు వచ్చింది. ఆ కథలో బ్రౌన్‌కు చోటు లేదని వేరే చెప్పనక్కర లేదు.

జర్మన్లు కూడా ఇటువంటిదే కట్టుకున్నారు. కామ్‌హూబర్ అనే సేనాని ఆకాశాన్ని గళ్ళుగా విభజించి, ఒక్కో గడికి రాడార్లు, ఒక కంట్రోలర్, ఒక రాత్రి ఫైటర్‌ను కేటాయించాడు. ఒంటరిగా వచ్చే బాంబర్లకు అది ఉరిగా పనిచేసింది. 1942 మే 30 రాత్రి బ్రిటిష్‌వారు వెయ్యి బాంబర్లను ఒకే ప్రవాహంగా కొలోన్ మీదికి పంపారు. గడిలోని కంట్రోలర్ ఒకసారి ఒకే ఫైటర్‌తో మాట్లాడగలడు. అతడు ఒక బాంబర్ మీద దృష్టి పెట్టేలోగా మిగతావి అతని గడి దాటిపోయాయి. ఒక గొంతు ఎంత మోయగలదో శత్రువు లెక్కగట్టి కొట్టాడన్నమాట.

అదే సంవత్సరం ఏప్రిల్‌లో మన సముద్రం మీద జరిగినది తలచుకుంటే ఈ వ్యవస్థ విలువ మనకు దగ్గరగా తెలుస్తుంది. 1942 ఏప్రిల్ 5న జపాను విమానాలు కొలంబో మీదికి వచ్చినప్పుడు హెచ్చరిక అందలేదు. అవి నెత్తి మీదికి వచ్చాకనే ఫైటర్లు నేల విడిచాయి. నాలుగు రోజుల తరువాత ట్రింకోమలీలో రాడార్ ముందే పసిగట్టింది. ఫైటర్లు అప్పటికే గాలిలో ఉన్నవి. ఈ రెండింటి నడుమ, ఏప్రిల్ 6న, మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. అక్కడ ఎదురు వెళ్ళే ఫైటర్లూ లేవు, వాటికి దారి చెప్పే గొంతూ లేదు. జనం ఇళ్ళు వదలి పల్లెలకు తరలిపోయారు. విశాఖ చరిత్రలో ఆ రోజును బాంబుల రోజుగానే చెప్పుకుంటాము. రక్షణ వ్యవస్థ లేని రోజుగా కూడా చెప్పుకోవాలి.

ఇక రెండవ కంట్రోలర్ వైపు వద్దాము. యుద్ధకాలంలోనే అమెరికాలో లూయీ అల్వారెజ్ అనే భౌతిక శాస్త్రవేత్త, మంచులో దారి కనబడని పైలట్‌ను రాడార్ చూస్తూ మాటలతోనే నేలకు దించే పద్ధతిని రూపొందించాడు. చివరి ఘట్టంలో పైలట్ బదులు చెప్పనక్కర లేదు, వింటే చాలు. కంట్రోలర్ ఎడతెగకుండా మాట్లాడుతూనే ఉంటాడు: కొంచెం కుడికి, సరిగ్గా ఉన్నావు, కాస్త ఎత్తుగా ఉన్నావు. తరువాత స్థిరపడిన నియమం ప్రకారం, చివరి ఘట్టంలో అయిదు సెకన్ల పాటు గొంతు వినబడకపోతే పైలట్ దిగడం మానుకుని మళ్ళీ పైకి లేచిపోవాలి. అంటే, అక్కడ మౌనం కూడా ఒక ఆజ్ఞే.

ఈ విద్యకు పరీక్ష 1948లో బెర్లిన్‌లో జరిగింది. సోవియట్లు రోడ్లు, రైళ్ళు మూసివేయగా పడమటి బెర్లిన్‌కు తిండి, బొగ్గు సమస్తం విమానాల మీదనే చేరవలసి వచ్చింది. ఆగస్టు 13న వాన, కిందికి దిగిన మబ్బు. ఒక విమానం రన్‌వే చివర కూలి మండిపోయింది; దాని వెనుకది టైర్లు పేల్చుకుని ఆగింది; మూడవది పక్క దారిలో దిగి గిర్రున తిరిగిపోయింది. పైన విమానాలు ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా చక్కర్లు కొడుతూ చిక్కుపడ్డవి. ఆ చక్కర్లలో ఒక విమానంలో ఉన్నవాడు ఆ వంతెనకు కొత్తగా అధిపతి అయిన విలియం టన్నర్. అంతకు ముందు అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సరుకు చేరవేసిన వాయుసేనకు నాయకత్వం వహించినవాడు. ఆ రోజు నుంచి ఆయన పెట్టిన నియమం సరళమైనది. మొదటి ప్రయత్నంలో దిగలేని విమానం చక్కర్లు కొట్టకూడదు, సరుకుతోనే వచ్చిన దారిన వెనక్కు పోవాలి. పని తెలిసిన కంట్రోలర్లను అమెరికా నుంచి రప్పించాడు. 1949 ఏప్రిల్‌లో ఈస్టర్ సమయంలో, 24 గంటలలో 1,398 విమానాలు 12,941 టన్నుల సరుకును దించాయి. ఒక నగరం ఆకలికి లొంగకుండా నిలిచిందంటే అందులో ఈ గొంతుల పాలు తక్కువేమీ కాదు.

మన దేశానికి వస్తే, 1971 నవంబరు 22 గుర్తుకు రావాలి. తూర్పు సరిహద్దులో బోయ్రా వద్ద పాకిస్తాన్ సేబర్ విమానాలు ఉదయం రెండుసార్లు వచ్చి దాడి చేశాయి. రెండుసార్లూ మన నాట్ విమానాలు చేరేసరికి అవి వెళ్ళిపోయాయి. మధ్యాహ్నం మూడవసారి వచ్చినప్పుడు, డమ్‌డమ్ నుంచి లేచిన నాలుగు నాట్ విమానాలను రాడార్ దగ్గర కూర్చున్న ఫైటర్ కంట్రోలర్ ఫ్లయింగ్ ఆఫీసర్ బాగ్చీ సరిగ్గా సేబర్ల వెనుకకు చేర్చాడు. ఇద్దరు పాకిస్తాన్ పైలట్లు పారాచూట్లతో దిగి బందీలయ్యారు. వారిలో ఒకరైన పర్వేజ్ మెహదీ ఖురేషీ తరువాత ఆ దేశపు వాయుసేనాధిపతి అయ్యాడు. మాసీ, గణపతి, లాజరస్‌లకు వీరచక్రాలు వచ్చాయి. పైలట్ల పేర్లు గుర్తున్న చాలామందికి బాగ్చీ పేరు తెలియదు. ఉదయం వెళ్ళిన పైలట్లూ సమర్థులే. అయినా ఆ రెండుసార్లు చేరవలసిన వేళకు చేరలేకపోయారు. మధ్యాహ్నం చేరగలిగారు.

కీర్తి చేరని ఈ కుర్చీని నింద మాత్రం తేలికగానే వెతుక్కుంటూ వస్తుంది. 1994 ఏప్రిల్ 14న ఉత్తర ఇరాక్ గగనతలంలో రెండు అమెరికన్ ఎఫ్-15లు, రెండు అమెరికన్ బ్లాక్ హాక్ హెలికాప్టర్లను శత్రువులవని భ్రమించి కూల్చాయి. 26 మంది మరణించారు. ఆ ప్రాంతాన్ని కాపలా కాస్తున్న అవాక్స్ విమానంలోని కంట్రోలర్లతో ఆ హెలికాప్టర్లు అంతకు ముందే మాట్లాడి ఉన్నవి. వాటికీ ఫైటర్లకూ గుర్తింపు సంకేతాలు వేరు, రేడియో తరంగాలు వేరు. సంగతి విమానంలో ఉన్నది. దానితో పని ఉన్నవాడికి చేరలేదు. సైనిక న్యాయస్థానం ముందు నిలబడినది అవాక్స్ కంట్రోలర్ల పెద్ద కెప్టెన్ జిమ్ వాంగ్ ఒక్కడే. అతణ్ణి 1995లో నిర్దోషి అన్నారు. మరి దోషం ఎవరిది? అది ఏ ఒక్కరిదీ కాదని, నిబంధనల మధ్య ఖాళీలదని ఆ ఘటనను పరిశీలించిన పండితులు చాలామంది అన్నారు. చనిపోయినవారి కుటుంబాలకు ఆ జవాబు చాలదు. కాని నిజానికి దగ్గరగా ఉన్న జవాబు అదే.

మనకు 2019 ఫిబ్రవరి 27 ఈ వృత్తి రెండు ముఖాలనూ ఒకే ఉదయాన చూపింది. ముందు రోజు బాలాకోట్ దాడి జరిగింది. ఆ రోజు పాకిస్తాన్ విమానాలు జమ్మూ సరిహద్దుకు పెద్ద గుంపుగా వచ్చాయి. రాడార్ ముందు కూర్చుని మన ఫైటర్లకు ఆ దృశ్యాన్ని మాటలుగా మార్చి అందించిన స్క్వాడ్రన్ లీడర్ మింటీ అగర్వాల్‌కు ఆ ఏడాది యుద్ధ సేవా పతకం ప్రకటించారు. ఆ పతకం అందుకున్న మొదటి మహిళ ఆమె. అభినందన్ వర్ధమాన్ విమానాన్ని వెనక్కు తిప్పమని చెప్పిన మాట రేడియో జామ్ కావడం వల్ల ఆయనకు వినబడలేదని అప్పట్లో పత్రికలు రాశాయి.

అదే ఉదయం, శ్రీనగర్ పక్కన బడ్‌గామ్‌లో, మన క్షిపణే మన ఎం.ఐ.-17 హెలికాప్టర్‌ను కూల్చింది. అందులోని ఆరుగురు వాయుసైనికులు, నేల మీద ఒక పౌరుడు చనిపోయారు. అది తమ పెద్ద తప్పిదమేనని వాయుసేనాధిపతి ఆ ఏడాది అక్టోబరులో బహిరంగంగా ఒప్పుకున్నారు. బార్కింగ్ క్రీక్‌కు, బడ్‌గామ్‌కు మధ్య ఎనభై ఏళ్ళు. ఆ ఎనభై ఏళ్ళలో రాడార్లు మారాయి, కంప్యూటర్లు వచ్చాయి, తెర మీది చుక్క పక్కన పేరూ, ఎత్తూ, వేగమూ కనిపిస్తున్నవి. దగ్గరకు వస్తున్నది మనవాడేనా అన్న ప్రశ్న మాత్రం అప్పటి లాగానే ఉన్నది. దానికి జవాబు చెప్పవలసిన క్షణాలు కూడా అప్పటి లాగానే వేళ్ళ మీద లెక్కపెట్టేటంతే ఉన్నవి.

ఇప్పుడు భారత వాయుసేనలో పరిపాలనా శాఖకు ఎంపికైన అధికారులలో కొందరు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లుగా, కొందరు ఫైటర్ కంట్రోలర్లుగా తర్ఫీదు పొందుతారు. 1990లలో మహిళలకు ఈ ద్వారం తెరుచుకున్నది. వీరిలో చాలామంది సైనిక జీవితానికి తొలి అడుగు వేసేది మన హైదరాబాదు శివార్లలోని దుండిగల్ అకాడమీలోనే. పైలట్ల పాసింగ్ అవుట్ పరేడ్ ఫోటోలు ఏటా మన పత్రికలలో వస్తూ ఉంటాయి. అదే మైదానంలో, అదే వరుసలలో, రెక్కల గుర్తు లేని ఈ అధికారులు కూడా నడుస్తారు. ఈసారి ఆ ఫోటో చూసినప్పుడు వారిని కూడా గుర్తుపట్టండి.

శల్యుడు రథం తోలడంలో కృష్ణునికి తీసిపోయినవాడు కాదంటారు. అతనికి లేనిది నైపుణ్యం కాదు. రథంలో ఉన్నవాని మేలు కోరే మనసు. కంట్రోలర్‌కు మొదట నేర్పవలసినది కోణాలూ, సంకేతాలూ అనుకుంటాము. ఐస్‌క్రీం బండి నుంచి అవాక్స్ వరకు ఈ చరిత్ర అంతా చదివాక నాకు అనిపించినది వేరు. తనకు తెలిసిన సంగతి వినవలసినవాడికి చేరిందో లేదో మళ్ళీ ఒకసారి అడిగి తెలుసుకునే అలవాటే ఆ మేలు కోరడానికి యుద్ధరంగంలో మరో పేరు. పైలట్ చెప్పిన దిక్కును తిరిగి పలకాలనీ, తప్పుగా పలికితే కంట్రోలర్ వెంటనే దిద్దాలనీ ప్రపంచమంతటా నియమం ఉన్నది. వినేవాడికి అది విసుగు పుట్టించే చాదస్తంలా ఉంటుంది. ఆ చాదస్తం వల్ల కూలకుండా మిగిలిన విమానాల లెక్క ఏ చరిత్ర పుస్తకానికీ ఎక్కదు.